బాసు బడికెళ్తే...

పదేళ్ల అనుభవం, పదిమంది టీమూ చేతికొచ్చాక మళ్లీ పుస్తకాల సంచి తగిలించుకోవాలనిపిస్తుంది చాలామందికి. ‘లీడర్‌షిప్‌ ప్రోగ్రామ్‌’ అంటూ బిజినెస్‌ స్కూళ్లూ రారమ్మని పిలుస్తున్నాయి. ఫీజు చూస్తే లక్షల్లో. క్లాసులేమో ఆదివారాల్లో. ఇంతకీ ఏ కోర్సు ఎవరికి? డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

ఆదివారం మధ్యాహ్నం. కూరగిన్నె బల్లమీదికి వచ్చిందో లేదో ఫోను మోగుతుంది.

‘సార్‌, కంగ్రాట్స్‌! మీ ప్రొఫైల్‌ షార్ట్‌లిస్ట్‌ అయింది. సీనియర్‌ లీడర్‌షిప్‌ ప్రోగ్రామ్‌ సార్‌. ఈ బ్యాచ్‌లో ఇంకా మూడే సీట్లున్నాయి. సాయంత్రంలోగా కట్టేస్తే నలభై వేలు స్కాలర్‌షిప్‌...’

‘ఎవరండీ ఫోన్లో?’ వంటింట్లోంచి అడుగుతుంది ఇల్లాలు.

‘ఏదో బిజినెస్‌ స్కూలట. నాకు సీటొచ్చిందట!’

‘అప్లికేషనే పెట్టలేదుగా, సీటెలా వచ్చిందీ?’

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఓ మోస్తరు జీతంతో ఉద్యోగం చేసేవారి ఇళ్లకు ఈ ఫోను కొత్తేం కాదు. ఆన్‌లైన్‌లో ఏదో కోర్సు వివరాలు చూద్దామని ఒక్కసారి నంబరిస్తే చాలు, వారం రోజులు వదలరు. అలాగని విసుక్కుని పెట్టేయడానికీ మనసొప్పదు. ఎందుకంటే... అవసరం నిజం. పక్క సీటాయన కోర్సు చేసి వచ్చాడు. కిందటేడు చేరిన కుర్రాడి పేరు వెనక ఎంబీఏ ఉంది. ‘నీ పని బ్రహ్మాండం, కానీ పైస్థాయికి ఇంకాస్త లీడర్‌షిప్‌ చూపించాలి’ అని బాసు ఏటా అదే మాట అప్రైజల్‌లో రాస్తున్నాడు. ఆ చూపించాల్సిందేమిటో మాత్రం చెప్పడు!

అసలు చిక్కెక్కడంటే...

పటాన్‌చెరులో మందుల కంపెనీలో పనిచేసే కెమిస్టునే తీసుకోండి. పన్నెండేళ్లుగా ల్యాబే లోకం. ఎక్కడ తేడా వచ్చినా ఇట్టే పట్టేస్తాడు. అందుకే ప్రమోషనిచ్చి పద్నాలుగు మందిని కింద పెట్టారు. ఆ రోజు నుంచీ అతని పని మారిపోయింది. ఇప్పుడు తేడా పట్టుకోవాల్సింది అతను కాదు, ఆ పద్నాలుగు మంది. వాళ్లు పట్టుకునేలా చేయడం అతని పని. కానీ చేతులూరుకోవు. ప్రతి రిపోర్టూ మళ్లీ తనే చూస్తాడు. రాత్రి తొమ్మిదైనా ఇంటికి రాడు. కింది వాళ్లకేమో ‘ఈయన మమ్మల్ని నమ్మడు’ అన్న అసంతృప్తి.

బ్యాంకులో లోన్‌ ఫైలు చకచకా తేల్చేసే ఆఫీసరు బ్రాంచి మేనేజరయ్యాక ఇదే కథ. కోడింగ్‌లో పిడుగులాంటి అమ్మాయి టీమ్‌ లీడరయ్యాకా ఇదే. ఏ పని బాగా చేశారని కుర్చీ ఇచ్చారో, కుర్చీలో కూర్చున్నాక ఆ పని చేయకూడదు! బీటెక్‌లోనూ ఎం.ఫార్మసీలోనూ ఈ పాఠం ఉండదు. బిజినెస్‌ స్కూళ్ల నాయకత్వ కోర్సులన్నీ పుట్టింది ఈ ఖాళీలోంచే.

ఇది ఈనాటి ముచ్చటా కాదు. అమెరికాలోని ఎంఐటీ 1931లోనే పనిచేసే మేనేజర్ల కోసం ఒక కోర్సు పెట్టింది. షికాగో విశ్వవిద్యాలయం 1943లో ఎగ్జిక్యూటివ్‌ ఎంబీఏ మొదలెట్టింది. హార్వర్డ్‌ పెద్ద మేనేజర్లకు తన అడ్వాన్స్‌డ్‌ మేనేజ్‌మెంట్‌ ప్రోగ్రామ్‌ ఆరంభించింది 1945లో. యుద్ధకాలంలో ఫ్యాక్టరీలు ఎడాపెడా పెరిగిపోయాయి. నడిపేవాళ్లే చాల్లేదు. ఉన్నవాళ్లనే తీర్చిదిద్దుకోవాల్సి వచ్చింది.

బెల్లావిస్టాలో పెద్దల బడి

అమెరికా దాకా ఎందుకు? మన హైదరాబాద్‌ ఈ విషయంలో చాలా ముందుంది. ఖైరతాబాద్‌ నుంచి రాజ్‌భవన్‌ రోడ్డులో వెళ్తుంటే ‘బెల్లావిస్టా’ అనే పాత భవంతి ఉంటుంది. ఏడో నిజాం పెద్దకొడుకు, బేరార్‌ యువరాజు ఒకప్పుడు ఉన్న ఇల్లది. 1956లో ఏర్పాటైన అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఇండియాకు అదే చిరునామా అయింది. చాలామంది దాన్ని ‘స్టాఫ్‌ కాలేజీ’ అనేస్తారు. మరుసటేడు క్లాసులు మొదలైనప్పుడు ప్రిన్సిపాల్‌గా వచ్చిందెవరో తెలుసా? సైన్యాధిపతిగా రిటైరైన జనరల్‌ శ్రీనగేశ్‌! కలకత్తా, అహ్మదాబాద్‌ ఐఐఎంలు పుట్టింది 1961లో. అంటే వాటికన్నా ముందే నెరిసిన జుట్టు విద్యార్థులు బెల్లావిస్టా మెట్లెక్కారన్నమాట.

స్టాఫ్‌ కాలేజీకి నమూనా ఇంగ్లండ్‌లో థేమ్స్‌ ఒడ్డున హెన్లీలో ఉన్న కాలేజీ. అక్కడి బోధనా పద్ధతి కూడా ఇక్కడికి వచ్చింది. దాని పేరు ‘సిండికేట్‌’. క్లాసును చిన్న చిన్న జట్లుగా విడగొడతారు. జట్టులో అందరూ ఒకే తానులో ముక్కలు కాకూడదు. ఒకరు ప్రభుత్వ అధికారి, ఒకరు ప్రభుత్వరంగ సంస్థ ఇంజినీరు, ఒకరు ప్రైవేటు కంపెనీ మేనేజరు... ఇలా కలిపి కూర్చోబెడతారు. ఒక సమస్య ఇస్తారు. లెక్చరు ఉండదు. జట్టే చర్చించాలి, నివేదిక రాయాలి, మిగతా జట్ల ముందు నిలబడి దాన్ని సమర్థించుకోవాలి. ఈ అంశానికి ఒకరు అధ్యక్షుడైతే తర్వాతి అంశానికి మరొకరు. అంటే ఇవాళ అధ్యక్ష స్థానంలో ఉన్నాయన రేపు మామూలు సభ్యుడు!

ఊహించుకోండి. ఆఫీసులో తను నోరు తెరిస్తే అందరూ తలూపే పెద్దమనిషి. ఇక్కడ ఎవరూ తలూపరు. ఎదుటాయన తన కింద పనిచేసేవాడు కాదు, భయపడాల్సిన పనీ లేదు. ‘మీరు చెప్పింది నాకు అర్థం కాలేదండీ’ అని మొహంమీదే అనేస్తాడు. హోదా పక్కనపెట్టి నలుగురినీ ఒప్పించడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. అదే నాయకత్వ పాఠం. ఆ పాఠం చెప్పింది మాస్టారు కాదు, పక్క కుర్చీ.

బ్రిటన్‌కే చెందిన రెగ్‌ రెవన్స్‌ అనే ఆయన కూడా దాదాపు ఆ కాలంలోనే ఇలాంటిదే చేశాడు. 1940ల్లో అక్కడి బొగ్గు గనుల మేనేజర్లకు పాఠాలు చెప్పించే బదులు, వేర్వేరు గనుల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఒకరి కష్టం ఒకరు చెప్పుకునేలా, ఒకరినొకరు ప్రశ్నించుకునేలా చేశాడు. ఆ పద్ధతికి ‘యాక్షన్‌ లెర్నింగ్‌’ అని పేరు. ఇప్పుడు ఏ బ్రోషర్‌ తెరిచినా ఈ మాట కనపడుతుంది. మాటైతే ఉంటుంది, పని ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

బెల్లావిస్టా కథ ఇంతసేపు చెప్పుకోవడానికి కారణం ఉంది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నాయకత్వ కోర్సును తూచడానికి అంతకన్నా మంచి తూకంరాయి దొరకదు. స్కూలు పేరు, భవనం, టై కట్టుకున్న ఫొటోలు... ఇవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది రెండే. క్లాసులో మీ పక్కన కూర్చునేదెవరు? అక్కడ మీరు వినాలా, మాట్లాడాలా?

వినడమా... తేల్చడమా?

బిజినెస్‌ స్కూళ్లలో ఎక్కువగా వినిపించే మాట ‘కేస్‌ స్టడీ’. ఒక సంస్థలో నిజంగా ఎదురైన పరిస్థితిని పది ఇరవై పేజీల్లో రాసి ఇస్తారు. ఉదాహరణకు మదురైలోని అరవింద్‌ కంటి ఆసుపత్రి. డాక్టర్‌ వెంకటస్వామి ఉద్యోగ విరమణ చేశాక 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తూనే తన కాళ్లమీద తను నిలబడిన ఆసుపత్రి అది. 1993లో హార్వర్డ్‌ దానిమీద కేస్‌ రాసింది. ప్రపంచమంతా బిజినెస్‌ స్కూళ్లలో చర్చకు వచ్చిన కేసుల్లో అదొకటి.

బాగా నడిచే క్లాసులో మాస్టారు ఆ ఆసుపత్రి గొప్పతనం చెప్పరు. ‘ఆయన స్థానంలో మీరుంటే రేపు ఇంకో ఊళ్లో ఆసుపత్రి పెడతారా, ఇక్కడే పెంచుతారా?’ అని అడిగి చేతులు కట్టుకుని నిలబడతారు. చెప్పేవాళ్లలో ఒకాయన కొత్త డిపో తెరిచి చేతులు కాల్చుకున్నాయన, ఇంకొకామె నర్సింగ్‌ సూపరింటెండెంట్‌గా ఉన్నామె అయితే ఆ గంటన్నర బంగారం. అదే క్లాసులో అందరూ రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాళ్లే అయితే కేసు కథలాగే మిగిలిపోతుంది.

అందుకే కౌన్సెలర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజెంతని కాదు. ‘కిందటి బ్యాచ్‌లో సగటు అనుభవం ఎన్నేళ్లు? ఏయే రంగాల నుంచి వచ్చారు? క్లాసులో ఎంతమంది?’ అని. ఆన్‌లైన్‌ కోర్సయితే ఇంకొకటి... ‘మొత్తం గంటల్లో ప్రొఫెసరు ఎదురుగా ఉండి చెప్పేవెన్ని, రికార్డు చేసిన వీడియోలెన్ని?’ నలభై మంది ఉన్న ఆన్‌లైన్‌ క్లాసులో నోరు విప్పే అవకాశం ఉంటుంది. మూడొందల మంది ఉంటే అది క్లాసు కాదు, సభ! పద్దులు, మార్కెటింగ్‌ లాంటివి వీడియోల్లో చక్కగా నేర్చుకోవచ్చు. ఎదుటివాడి కోపాన్ని తట్టుకుని మాట్లాడటం మాత్రం వీడియో చూసి రాదు, ఈతలాగే.

ఎవరికి ఏది?

‘లీడర్‌షిప్‌ కోర్సు’ అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు సరుకులున్నాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

కొందరికి కావాల్సింది కాగితం. ప్రమోషన్‌కు పీజీ డిగ్రీ తప్పనిసరి అనే సంస్థలున్నాయి. వాళ్లకు ఎంత పేరున్న సంస్థయినా ఆర్నెల్ల సర్టిఫికెట్‌ పనికిరాదు, డిగ్రీయే కావాలి. అలాంటివారికి పెద్ద పేర్లకన్నా ముందు మన విశ్వవిద్యాలయాలున్నాయి. ఉద్యోగులకోసం ఉస్మానియాలో సాయంత్రపు ఎంబీఏ ఉంది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన మన అంబేడ్కర్‌ వర్సిటీ, 1985లో వచ్చిన ఇగ్నో దూరవిద్యలో ఇస్తున్నాయి. మెరుపులుండవు, ఫోన్లు చేసి బతిమాలేవాళ్లుండరు. ఫీజు మాత్రం ప్రైవేటు కోర్సులతో పోలిస్తే చాలా తక్కువ. కాగితం కోసమే అయితే పది లక్షలు పోయడంలో అర్థం లేదు.

ఇంకొందరికి కావాల్సింది విషయం. ఇంజినీరుగా ఎదిగి ఇప్పుడు కంపెనీ బ్యాలెన్స్‌ షీటు ముందు తెల్లమొహం వేస్తున్నవాళ్లు. వీరికి నాయకత్వ కోర్సు కన్నా మూడు నాలుగు నెలల ఫైనాన్స్‌ కోర్సు మేలు. సొంతంగా చిన్న పరిశ్రమ నడిపేవారైతే యూసఫ్‌గూడలోని నిమ్స్‌మే లాంటి చోట వాళ్ల పనికి దగ్గరగా ఉండే శిక్షణ దొరుకుతుంది.

మన కెమిస్టులాంటివాళ్లు మూడో రకం. తమ తీరే మారాలి. వీళ్లకు కావాల్సింది చర్చ, కూడా నడిచే కోచ్‌, తిరిగి ఆఫీసులో చేసి చూపించాల్సిన పని. అన్నిటికన్నా ముఖ్యం ‘360 డిగ్రీ ఫీడ్‌బ్యాక్‌’. అంటే... మీ గురించి పైవాళ్లూ పక్కవాళ్లూ కిందివాళ్లూ పేర్లు చెప్పకుండా రాసిచ్చే అభిప్రాయాలు. అవి మొదటిసారి చదువుకున్న రాత్రి నిద్రపట్టదు కొందరికి. ‘చెప్పేది వినడు’ అని పదిమందిలో ఎనిమిది మంది రాస్తే ఎవరికి మాత్రం పడుతుంది? కానీ ఆ రాత్రి కోసమే ఫీజు కట్టేది!

ఈ మూడోరకం కోర్సుల్లోనూ అంతరాలున్నాయి. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ పీజీపీ ప్రో పేరుతో వారాంతపు కోర్సునీ, మరింత సీనియర్ల కోసం పీజీపీ మ్యాక్స్‌నీ తెచ్చింది. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలై తర్వాత గంభీరంలో సొంత క్యాంపస్‌కు మారిన విశాఖ ఐఐఎం కూడా ఉద్యోగులకు విడిగా కోర్సు పెట్టింది. స్టాఫ్‌ కాలేజీలో రోజుల లెక్కన సాగే చిన్న కోర్సులుంటాయి, ఎక్కువగా సంస్థలే తమ వాళ్లను పంపిస్తుంటాయి. ఇక ఆన్‌లైన్‌ కోర్సుల్లో చాలావాటికి సర్టిఫికెట్‌ మీద పేరు ఐఐఎందీ, ఫోన్‌ చేసేదీ ఫీజు వసూలు చేసేదీ వేరే ఎడ్యుటెక్‌ కంపెనీ. అందులో తప్పేమీ లేదు. అయితే పాఠం చెప్పేది ఆ సంస్థ ప్రొఫెసర్లేనా, బయటివారా... క్యాంపస్‌లో ఎన్ని రోజులు ఉండనిస్తారు... పూర్వ విద్యార్థి హోదా ఇస్తామంటున్నారే, అది రెండేళ్ల కోర్సు చేసినవారిదేనా, వేరే రకమా... ఇవన్నీ రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. నోటిమాటకు విలువ లేదు.

కాగితం మీద ఏముంటుంది?

గుర్తింపు విషయంలో మనవాళ్లకు ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా ఉండదు. ‘ఫలానా కోర్సుకు ఏఐసీటీఈ గుర్తింపుందా?’ అని అడిగి, లేదనగానే మోసమనుకుంటారు. ఐఎస్‌బీ 2001లో మొదలైనప్పటి నుంచీ ఏఐసీటీఈ అనుమతి కోసం వెళ్లకుండా, డిగ్రీ కాకుండా సర్టిఫికెట్‌ ఇస్తూనే పేరు తెచ్చుకుంది. ఐఐఎంలు కూడా దశాబ్దాలపాటు ఇచ్చింది డిప్లొమాలే. 2017లో పార్లమెంటు చేసిన చట్టం 2018 జనవరి చివర్లో అమల్లోకి వచ్చాకే వాటికి డిగ్రీలిచ్చే అధికారం దక్కింది. కాబట్టి పేరు వేరు, గుర్తింపు వేరు. ప్రైవేటు కంపెనీ పేరు చూస్తుంది. ప్రభుత్వోద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్లాలనుకుంటే గుర్తింపు ఉన్న డిగ్రీ కావాలి. మీ దారి ఎటో ముందే తేల్చుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

జాగ్రత్త పడాల్సింది మాత్రం ఒకటుంది. ‘విదేశీ విశ్వవిద్యాలయం ఎంబీఏ, ఇంట్లో కూర్చునే’ అని ప్రకటనలు వస్తుంటాయి. తన గుర్తింపు లేని విదేశీ సంస్థలతో కలిసి ఎడ్యుటెక్‌ కంపెనీలు ఆన్‌లైన్‌లో ఇస్తామంటున్న డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 డిసెంబరులో హెచ్చరించింది. దూరవిద్య, ఆన్‌లైన్‌ డిగ్రీల విషయంలో ఎడ్యుటెక్‌లతో ఫ్రాంచైజీ ఒప్పందాలు కుదరవని 2022 జనవరిలోనే చెప్పింది. ఏ విశ్వవిద్యాలయానికి ఏ ఆన్‌లైన్‌ డిగ్రీకి అనుమతి ఉందో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఐదు నిమిషాల పని. అది చూడకుండా ఐదు లక్షలు కట్టేవాళ్లున్నారు!

ఐదు లక్షలంటే... ఎంత?

ఫీజు ఐదు లక్షలనుకుందాం. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో ఉన్నది అదే. దానిపక్కన చీమతలకాయంత అక్షరాల్లో ‘ప్లస్‌ జీఎస్‌టీ’ అని ఉంటుంది. డిగ్రీ చదువులకు జీఎస్‌టీ లేదు కానీ, ఇలాంటి సర్టిఫికెట్‌ కోర్సులకు 18 శాతం పడుతుంది. అంటే ఇంకో 90 వేలు. ఆ 5 లక్షల 90 వేలను 12 శాతం వడ్డీకి రెండేళ్ల వాయిదాల్లో తీసుకుంటే నెలకు దాదాపు 27,800 కట్టాలి. రెండేళ్లకు లెక్కేస్తే 6 లక్షల 66 వేలు దాటుతుంది. క్యాంపస్‌కు వెళ్లిరావడం, ఉండటం ఫీజులో కలిసిందో లేదో చూసుకోవాలి. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు నెలకు రెండుసార్లు వచ్చివెళ్లే ఖర్చు చిన్నదేం కాదు.

‘నో కాస్ట్‌ ఈఎంఐ’ అన్నారని సంతోషపడిపోకండి. ఆ వాయిదాలు చాలాసార్లు ఏదో ఫైనాన్స్‌ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పే. మధ్యలో కోర్సు మానేసినా అప్పు మానదు. మానేస్తే ఎంత వెనక్కిస్తారో, ఎన్నాళ్లలోపు చెప్పాలో సంతకం పెట్టకముందే కాగితం మీద చూసుకోవాలి. ‘సాయంత్రంలోగా’ అని తొందరపెట్టే స్కాలర్‌షిప్పులు రేపు కూడా ఉంటాయి. మంచి చదువెప్పుడూ ఒక్క సాయంత్రంలో అయిపోయే సరుకు కాదు.

ఆఫీసు కడుతుందేమో అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. చాలా కంపెనీల్లో శిక్షణకు బడ్జెట్‌ ఉంటుంది, అడిగినవాళ్లకే దొరుకుతుంది. కంపెనీ కడితే ఏడాదో రెండేళ్లో ఉద్యోగం మానకూడదని బాండు రాయించుకోవచ్చు. దాన్ని చదివి సంతకం పెట్టాలి. పూర్తిగా కట్టకపోయినా సగమిస్తామన్నా, క్లాసులున్న శనివారాలు సెలవిస్తామన్నా అదీ లాభమే. అన్నిటికీ మించి, బాసుతో ఆ మాట మాట్లాడితే ఒక సంగతి తేలిపోతుంది. ‘ఈ కోర్సు చేస్తే నాకేం బాధ్యత ఇస్తారు?’ అన్నదానికి ఆయన తడుముకుంటే, మీ ప్రమోషన్‌ ఆగింది కోర్సు లేక కాదన్నమాట.

బాగుందా... మారిందా?

బ్రోషర్లలో పూర్వ విద్యార్థుల మాటలుంటాయి. ‘అద్భుతమైన అనుభవం’, ‘నా జీవితాన్నే మార్చేసింది’... అమెరికాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన డొనాల్డ్‌ కిర్క్‌పాట్రిక్‌ 1959లో ఏ శిక్షణనైనా నాలుగు మెట్లలో కొలవాలన్నాడు. శిక్షణ నచ్చిందా? ఏమైనా నేర్చుకున్నారా? నేర్చుకున్నది ఆఫీసులో చేస్తున్నారా? దానివల్ల సంస్థకు ఫలితం వచ్చిందా? బ్రోషర్లన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మంచి హోటల్లో మూడురోజులు మంచి భోజనం పెట్టి మంచి జోకులేస్తే ఎవరికి నచ్చదు?

మూడో మెట్టు సంగతి తెలియాలంటే రెండేళ్ల కిందట అదే కోర్సు చేసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. స్కూలు ఇచ్చిన నంబర్లకు కాదు, మీరు వెతికి పట్టుకున్నవారికి ఫోన్‌ చేయండి. ‘బాగుందా?’ అనొద్దు. ‘మీరు సోమవారం ఆఫీసులో ఇప్పుడేం వేరుగా చేస్తున్నారు?’ అనండి. ఠక్కున ఒక ఉదాహరణ చెబితే కోర్సులో సరుకున్నట్టే. ‘నెట్‌వర్కింగ్‌ బాగుంటుంది’ అని నసిగితే... మీకే అర్థమవుతుంది.

అమెరికాలోని సెంటర్‌ ఫర్‌ క్రియేటివ్‌ లీడర్‌షిప్‌ పరిశోధకులు 1980ల్లో ఎదిగిన మేనేజర్లను ‘మీరెక్కడ నేర్చుకున్నారు?’ అని అడిగారు. దాన్నుంచే 70-20-10 అన్న లెక్క వాడుకలోకి వచ్చింది. డెబ్బై వంతులు మీదపడ్డ కష్టమైన పనిలోంచి, ఇరవై వంతులు పక్కవాళ్లనుంచి, పది వంతులే క్లాసులోంచి. తూచినట్టు చెప్పిన లెక్క కాదిది, వాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పిందాన్ని గుండుగుత్తగా వేసింది. అయినా ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు దీన్లో ఒక కిటుకుంది. క్లాసులో విన్న పదికి ఆఫీసులోని డెబ్బై తోడయ్యే కోర్సు ఎంచుకోవాలి. మీ సంస్థలోని అసలు సమస్యనే ప్రాజెక్టుగా చేయనిచ్చే కోర్సులుంటాయి. అలాంటిది దొరికితే వదలొద్దు.

ఇంట్లో సెమిస్టరు

పద్దెనిమిది నెలల కోర్సు, వారం విడిచి వారం క్లాసులంటే దాదాపు నలభై వారాంతాలు. చదువుకోవాల్సినవి, రాసివ్వాల్సినవి అదనం. ఆ నలభై వారాంతాల్లో చుట్టాల పెళ్లిళ్లుంటాయి, తల్లిదండ్రుల ఆసుపత్రి చెకప్‌లుంటాయి, పిల్లాడి పదో తరగతి ఉంటుంది. కోర్సు చేసేది ఒక్కరే అయినా ఫీజు ఇంటిల్లిపాదీ కడతారు.

ఆడవాళ్లు చదివితే ఈ బరువు ఇంకాస్త ఎక్కువ. భర్త క్లాసుకెళ్తే ‘పాపం, చదువుకుంటున్నాడు’ అంటారు. భార్య వెళ్తే ‘ఆదివారం కూడానా?’ అంటారు. అందుకే చేరేముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ‘వెళ్లొచ్చా’ అన్నది కాదు, ‘శనివారం వంటెవరిది, పాపను డ్యాన్స్‌ క్లాసుకెవరు దించుతారు’ అన్నది. అత్తగారు ‘నేనున్నాలే అమ్మా, వెళ్లు’ అనే ఇంట్లో చదువు సగం పూర్తయినట్టే. పదో తరగతి పిల్లలున్నవాళ్లు మార్చి పరీక్షలయ్యాక మొదలయ్యే బ్యాచ్‌ చూసుకోవచ్చు. ఏడాది ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఇంకా తేలకపోతే ఒక పని చేయొచ్చు. ‘ఒక పూట క్లాసులో వెనక కూర్చుంటాను, చూడనిస్తారా?’ అని అడగండి. కొన్నిచోట్ల రమ్మంటారు, కొన్నిచోట్ల కుదరదంటారు. రమ్మంటే ప్రొఫెసరును కాదు, విద్యార్థులను చూడండి. టీ విరామంలో వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారా, క్లాసులో తెగని వాదనను కప్పు పట్టుకుని కారిడార్‌లో కూడా సాగదీస్తున్నారా... అది చూసొచ్చాక కౌన్సెలర్‌ మళ్లీ ఫోన్‌ చేస్తే ఏం చెప్పాలో అన్నం తింటూనే చెప్పేయొచ్చు.